మూడు మైళ్ళ ఆఖరి రీలు

రామన్నపేటల లింగయ్య హోటల్ కాడ ఐతారం పొద్దుగాల చాయ్ ఒక వంతు, ముచ్చట మూడు వంతులు. ఆ పూట పాత సినిమాల పిచ్చోళ్ళంత ఆడ జమైతరు. ఎవ్వలికీ దొరకని సినిమా పేరు జెప్పినోడే ఆ ఐతారానికి మొనగాడు. టీవీల వచ్చిన సినిమాకు ఆ బల్లల మీద ఇజ్జత్ లేదు, ఫోన్ల దొరికెదానికి అసలే లేదు. ఒకాయన డబ్బలల్లనే తుప్పు వట్టిన సినిమా పేరు దీస్తడు. ఇంకొకాయన అది రెండోనాడే ఎత్తేసిన్రు, నేను మొదటినాడే చూసిన అంటడు. మూడో ఆయన అసలది విడుదలే గాలేదు, అయినా నేను చూసిన అని చాయ్ ఊదుకుంట కూసుంటడు.

సావిత్రమ్మ అసొంటి జాగల కూసునుడు అదే మొదలు. ఆమెది నకిరేకల్, ఎవుసం చేసే ఇల్లు. అరవై ఐదేండ్లు వచ్చినా, హోటల్ బల్ల మీద కూసోని నలుగురు మొగోళ్ళ నడుమ చాయ్ తాగుడంటె ఆమెకు ఎట్లనో ఉండె. మనుమరాలు హరిత పక్కన ఉన్నది గనుక కొంగు సదురుకోని కూసున్నది. అయినా ఆమె సిగ్గువడనీకి రాలేదు, చాయ్ కోసరం రాలేదు. ఒక్క ముచ్చట తెలుసుకోనీకి వచ్చింది. గా ముచ్చట కోసరం యాభై రెండేండ్ల సంది ఎదురు చూస్తాంది.

ఆమె పుట్టిల్లు దుబ్బగూడెం, రామన్నపేటకు మూడు మైళ్ళు. ఆమెకు పదమూడేండ్లున్నప్పుడు ఆ ఊరికి డేర టాకీసు వచ్చింది. ఒక్క రాత్రికి ఒక పాత సినిమా ఏసిన్రు, పేరు గాజుకోట రాకుమారి. బాపును బతిమిలాడి ముందట ఇసుకల కూసోని చూసింది. మాంత్రికుడు రాకుమారిని ఎత్తుకపోయి గాజుకోటల పెడుతడు. రాజకుమారుడు ఏడు వాకిండ్లు దాటుకుంట పోతడు. కొసకు మాంత్రికుడు ఒక్క రాకుమారిని ఏడుగురిని చేసి వరుసగ నిలవెడ్తడు. అసలుదాని చెయ్యి వట్టుకుంటె నీదే, తప్పు చెయ్యి వట్టుకుంటె రాయైపోతవు అంటడు. రాజకుమారుడు చెయ్యి సాపిండు. ఆడికి రీలు ఒడిసింది. ఆఖరి డబ్బ బాటల ఉన్నది, వస్తాంది, కూసోండ్రి అన్నరు. కూసున్నరు. డబ్బ రాలేదు. పొద్దుగాల లేచి చూసేసరికి డేర గుంజలు గూడ లేవు.

ఆ సినిమా మల్ల ఆ దిక్కు రాలేదు. పెండ్లై పోయినంక సావిత్రమ్మ నకిరేకల్ల అడిగింది, నల్లగొండల అడిగింది, ఎవ్వలికీ ఎరుక లేదు. పిల్లలకు ఆ కత జెప్పేటప్పుడు కొసకు వచ్చి ఇరుక్కునేది. ఒకనాడు ఉంగరం జూసి గుర్తు వట్టిండు అనేది, ఒకనాడు పుట్టుమచ్చ అనేది, ఒకనాడు పేరు వెట్టి పిలిస్తె పలికింది అనేది. పిల్లలకు సరిపోయినా ఆమెకు ఏదీ సరిపోలేదు. మనుమరాలు హరితకు గూడ అదే కత, అవే దొంగ కొసలు. ఆ పిల్ల పెరిగి హైదరాబాదుల కొలువు చేసుకుంట, దోస్తులతోటి గల్సి ఎవ్వలూ చూపియ్యని పాత సినిమాలు దేవులాడుడు పెట్టుకున్నది. ఎందుకు పెట్టుకున్నదంటె అవ్వ పేరే చెప్తది.

పోయిన ఎండకాలం ఆ పిల్లకు గాజుకోట రాకుమారి దొరికింది. ఒక ముసలాయన గోదాముల పదమూడు రీళ్ళల్ల పన్నెండు ఉన్నయ్. పదమూడోది లేదు. ఉన్నకాడికి బాగు జేయించి, ఈ ఐతారం పదకొండు గంటలకు చేనేత సంఘం హాలుల ఆట పెట్టింది. పన్నెండు రీళ్ళు అయినంక, సినిమా మొత్తం చూసినోళ్ళెవరన్నా స్టేజి మీదికి వచ్చి కొస జెప్పాలె, అది కెమెరాల పట్టుకుంటం అన్నది. చూసినోడు వెంకటనర్సు ఒక్కడున్నడని, లింగయ్య హోటల్ల కూసునే రిటైరైన ప్రేమ్‌సాగర్ సారు ఫోన్ జేసి చెప్పిండు. మనిషి మంచోడే గని మాటకు బ్రేకులుండయ్, ముందుగాల్ల నువ్వే అడిగి చూస్కో అని గూడ అన్నడు. అందుకే ఆటకు రెండు గంటల ముందు అవ్వా మనుమరాలు లింగయ్య హోటల్ల వచ్చి కూసున్నరు.

వెంకటనర్సు ఇస్త్రీ అంగి తొడుక్కోని వచ్చిండు. డెబ్బై రెండేండ్ల మనిషి, ఇంక గుంత మగ్గం దిగలేదు. చెవి మీద నూలు పోగు అంటుకోని ఉన్నది, అది ఆయనకు ఎరుక లేదు. స్టేజి మీద కుర్చీ ఏస్తున్నరని వాడకంత జెప్పుకున్నడట, లింగయ్య చెవుల ఊదిండు. ఇన్నేండ్లల్ల ఆయన మాట నమ్మి ఎవ్వలూ కుర్చీ ఏయలేదు. అందుకని ఆయన కండ్లల్ల పండుగ గనవడ్డది.

హరిత నమస్తె వెట్టి, తాతా, ఆ సినిమా కొస మీరు చూసిన్రా అని అడిగింది.

"చూసుడేంది బిడ్డా," అన్నడు వెంకటనర్సు, "ఆ కొసను నేను మోసిన."

ఇగ షురువైంది. గప్పట్ల ఒక్క సినిమాకు ఒక్కటే రీళ్ళ పెట్టె వచ్చేదట. రామన్నపేటల ఒక డేర, దుబ్బగూడెంల ఒక డేర, ఇద్దరు సేట్లు గల్సి ఒక్క పెట్టెనే కిరాయికి తెచ్చేటోళ్ళట. ఈడ ఏడు గంటలకు ఆట మొదలైతె, ఆడ ఎనిమిదిన్నరకు. ఈడ ఆడిన రీళ్ళు డబ్బలు డబ్బలుగ సైకిల్ మీద ఆడికి పోవాలె. ఆ సైకిల్ తొక్కేటోడు వెంకటనర్సు. పొద్దంత మగ్గం, మాపటికి రీళ్ళు. మూడు మైళ్ళ బాట మామూలు మనిషికి అర్ధగంట, తనకు ఇరవై నిమిషాలు అన్నడు.

ఇంతవరకు ఎవ్వలూ కాదనలేదు. సావిత్రమ్మ చేతుల గ్లాసు మాత్రం నోటి కాడికి పోకుంట ఆగింది. దుబ్బగూడెం అన్నమాట ఆమె గుండెల తాకింది. డబ్బ బాటల ఉన్నది, వస్తాంది అన్న మాట యాదికి వచ్చింది. ఆ బాటల ఉన్నోడు వీడేనా అనుకున్నది. అడుగుదామని నోరు తెరిచింది, మల్ల మూసుకున్నది. ఇప్పుడు కదిలిస్తె ఈ మనిషి లేచిపోతడు. ఆయనతోటి కొస గూడ పోతది. కొస తెలిసినోడు లోకంల ఈయనొక్కడే మిగిలిండు. చెప్పనీ, ఎంత చెప్తడో చెప్పనీ అని గ్లాసు బల్ల మీద పెట్టింది.

"గాజుకోట రాకుమారి రాత్రి," అన్నడు వెంకటనర్సు, "డబ్బకు నాలుగు రీళ్ళ లెక్కన మూడు డబ్బలు చేరేసిన. ఆఖరి డబ్బల ఒక్కటే రీలు. క్యారేజీకి కట్టుకోని ఎక్కిన. ఊరు దాటంగనే ఎదురుగాలి. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా?"

ఎరుక లేదన్నరు. ఎదురుగాలంటె అట్లాంటిట్లాంటి గాలి గాదు, రెండుసార్లు పెడల్ తొక్కితె సైకిల్ మూడుసార్లు ఎనుకకు పోతాందట. ఇట్ల లాభం లేదని వెంకటనర్సు దిగి ఆలోచన జేసిండట. ఈ గాలికి నాతోటి పగ, నేనెటు పోతె అటే అడ్డమొస్తాంది అని తెలుసుకోని, సైకిల్‌ను మలిపి రామన్నపేట దిక్కు మొకం వెట్టి తొక్కుడు మొదలువెట్టిండట. ఈడు ఇంటికి పోతుండని గాలి పిచ్చిదై, పోనియ్యద్దని ఎనుకకు నూకుడు వెట్టిందట. ఎనుకకంటె దుబ్బగూడెమే గదా. గట్ల గాలిని మోసం జేసి సగం బాట వీపు దిక్కే పోయిన అన్నడు. మొత్తం పది నిమిషాలు.

"ఇందాక ఇరవై అన్నవ్ గదనే నర్సన్న," అన్నడు లింగయ్య.

అది మామూలు రోజులల్ల అన్నడు వెంకటనర్సు. ప్రేమ్‌సాగర్ సారు కండ్లద్దాలు తీసి తుడుసుకుంట, గాలి ముచ్చట మంచిగనే ఉన్నది గని, రాజకుమారుడు ఎవ్వలి చెయ్యి వట్టుకున్నడో చెప్పరాదు అన్నడు. సావిత్రమ్మ ముందుకు వంగింది. వస్తున్న సారూ, వస్తున్న, కొసను మొదలే చెప్తె కొస ఎట్లయితది అని వెంకటనర్సు ఇంకో చాయ్ చెప్పిండు.

సగం బాటల గొలుసు తెగిందట. తెగిన గొలుసు గుంతల వడ్డది, చీకట్ల దొరకలేదు. ఇంకొకడైతె నెత్తికి చేతులు వెట్టుకునేటోడు, వెంకటనర్సు మగ్గం నేసేటోని కొడుకు, నడుముకు ఎప్పటికీ నూలు చిలప, పోగుల కట్ట, ఉంటది. పదహారు పోగులు ఒక్కకాడ పురి వెట్టి, సైకిల్ పండ్లకు చుట్టి, మల్ల ఎక్కి తొక్కిండట. ఇనుప గొలుసు సప్పుడు చేస్తది, నూలు గొలుసు సప్పుడు గూడ లేదు, మెత్తగ పట్టె మంచం మీద పోయినట్టు పోయిన అన్నడు. ఆ నూలు తెగలేదా అని ఎవరో అడిగిన్రు. తెగుడా, ఆ పోగులతోటే తర్వాత మా చెల్లె పెండ్లి చీర నేసిన అన్నడు.

సప్పుడు లేకపోవుడే కొంప ముంచిందట. సప్పుడు లేని సైకిల్‌ను చూసి ఇదేం జంతువో అని గుట్ట మీదికెల్లి చిరుతపులి దుంకింది. దుంకి నేరుగ క్యారేజీ మీద కూసున్నది. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? ఎనుకకు చూస్తె సైకిల్ వడ్తది, సైకిల్ వడితె రీలు వడ్తది, అందుకని వెంకటనర్సు ఎనుకకు చూడకుంట, కూసుంటె కూసున్నవ్ గని డబ్బ పట్టుకో అన్నడట. పట్టుకున్నది. మూలమలుపుల కాడ మనిషి వంగినట్టే అది గూడ వంగిందట. దిగుడు వచ్చిన కాడ బ్రేకు మీద చెయ్యి వెట్టబోతె, వద్దన్నట్టు భుజం మీద పంజ ఏసిందట.

హోటల్ నవ్వుతాంది. ఎవ్వలికీ నమ్మకం లేదు, ఎవ్వలూ లేస్తలేరు. బస్సు వచ్చి పోయినా ఎక్కవలసినోడు ఎక్కలేదు. హరిత గూడ నోటికి చున్నీ అడ్డం వెట్టుకోని నవ్వింది గని, మధ్యల మధ్యల గడియారం జూసుకుంటాంది. ఈ మనిషిని స్టేజి మీద ఎట్ల కూసోబెట్టాలె అన్న పరేషాన్ ఆ పిల్ల మొకంల కనవడ్తాంది. సావిత్రమ్మ నవ్వలేదు. ఆమెకు చిరుతపులి మీద కోపం వచ్చింది, గాలి మీద కోపం వచ్చింది. ఇవన్నీ ఆమెకూ ఆ ఏడుగురు రాకుమార్లకూ నడుమ అడ్డం నిలవడ్డట్టే ఉన్నది.

వాగు కాడ చిరుతపులి దిగిపోయిందట, నీళ్ళంటె భయమట దానికి. వాగు నిండ పోతాంది. వెంకటనర్సు ఆపలేదు. అదే జోరు మీద నీళ్ళ మీదికెల్లి తొక్కిండు, చక్రం మునుగుదామా అనుకునే లోపట్నే అవతల ఉన్నడట. టైరు కింది అంచు మాత్రం జర తడిసింది, రుమాలుతోటి తుడిసిన అన్నడు. అబద్ధం చెప్పి నాకేమొస్తది, తడిసింది తడిసిందనే చెప్తున్న అని గూడ అన్నడు.

గని అసలు ముచ్చట వాగు దాటినంకనే ఉన్నదట. ఆ కుదుపుకు డబ్బ మూత ఊడింది. రీలు ఇప్పుకోని కొస పోయి ఎనుక చక్రానికి చుట్టుకున్నది, ఆడికెల్లి ముందు చక్రానికి ఎక్కింది, ఎక్కుకుంట డైనమో లైటు ముందటికెల్లి పోతాంది. వెంకటనర్సు తలకాయ ఎత్తి చూస్తె ఎదురుంగ గుట్ట మీద, ఇంతెత్తు రాకుమారి. ఏడుగురు రాకుమార్లు, గుట్ట ఈ కొస నుంచి ఆ కొస దాక. సైకిల్ మెల్లగైతె బొమ్మ మెల్లగైతాంది, జోరైతె బొమ్మ జోరైతాంది. బాయిల కాడ మోటలు ఆగినయ్, చేన్ల కావలున్నోళ్ళు మంచెల మీద నిలవడ్డరు, పది ఊర్లోళ్ళు టికెట్ లేకుంట గాజుకోట రాకుమారి కొస చూసిన్రు. ఎడ్లు గూడ నెమరు ఆపి చూసినయ్ అన్నడు.

"మాటలు ఇనవడ్డయా మరి," అడిగిండు ప్రేమ్‌సాగర్ సారు.

"ఇనవడకేం సారు. సైకిల్ బెల్లుల కెల్లి వచ్చినయ్."

లింగయ్య చాయ్ గిన్నె దించి బల్ల మీద కూలవడి నవ్విండు. సారు మాత్రం వదలలేదు. అయితె పది ఊర్లోళ్ళకు తెలిసింది, మాకే తెల్వదు, రాజకుమారుడు ఏ రాకుమారి చెయ్యి వట్టుకున్నడు అన్నడు. వెంకటనర్సు అంగి సదురుకోని, అది స్టేజి మీద జెప్త సారు, ఈడ జెప్తె ఆడ నా కుర్చీ ఎందుకు అన్నడు. ఆ ఒక్క మాట మాత్రం నవ్వుకుంట అనలేదు.

ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? మొత్తం కలిపి మూడు మైళ్ళు మూడు నిమిషాలల్ల కొట్టిండట. ఎంత జల్ది పోయిండంటె దుబ్బగూడెంల ఇంక పన్నెండో రీలే నడుస్తాంది. వెంకటనర్సు డబ్బ తీస్కోని డేరల అడుగువెట్టంగనే జనం లేచిన్రు, భుజాల మీదికి ఎత్తుకున్నరు, సేటు తన మెడల దండ తీసి ఈయనకు ఏసిండు. ఆఖరి రీలు నడిచింది. జనం వదలకపోతె మల్ల నడిచింది. మూడోసారి గూడ నడిచింది.

"అందరికంటె సంబురం పిల్లలదే," అన్నడు వెంకటనర్సు. "ముందట ఇసుకల కూసున్న పిల్లలు ఎగిరి చప్పట్లు గొట్టిన్రు. ఒక పిల్లనైతె ఇంటికి రాకుంటె బాపు ఎత్తుకోని తీస్కపోయిండు."

సావిత్రమ్మ అప్పటిదాక ఆపుకున్నది. గాలిని సహించింది, పులిని సహించింది. ఇసుకల కూసున్న పిల్లను మాత్రం సహించలేకపోయింది. కొస పోతె పోయింది అనుకున్నది.

"అన్నా," అన్నది. గొంతు చిన్నగనే ఉన్నది గని హోటలంత ఇన్నది. "ఆ రాత్రి దుబ్బగూడెం డేరల ఇసుకల కూసున్న పిల్లను నేను. ఆఖరి డబ్బ రాలే."

లింగయ్య స్టవ్ మంట తగ్గించిండు.

సావిత్రమ్మకు ఇగ ఆగలేదు. జనం ఎంత సేపు కూసున్నరో చెప్పింది. పిల్లలు ఇసుకలనే పండుకున్నరు, పెద్దోళ్ళు లొల్లి జేసిన్రు, సేటు చేతులు జోడిచ్చిండు. బాపు ఎత్తుకోని తీస్కపోయింది నిజమే, తను చప్పట్లు గొట్టలేదు, ఇంటిదాక ఏడిసింది. యాభై రెండేండ్ల సంది పిల్లలకు, పిల్లల పిల్లలకు దొంగ కొసలు చెప్పుకుంట వచ్చింది. ఇయ్యాల నిజం కొస ఇందామని వస్తె, రాని డబ్బ వచ్చిందంటున్నవ్, లేని చప్పట్లు గొట్టిస్తున్నవ్ అన్నది. కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్, కొంగుతోటి ఒత్తుకున్నది.

వెంకటనర్సు ఇస్త్రీ అంగిల చిన్నగైపోయిండు. లేచి పోతడనుకున్నది సావిత్రమ్మ. పోలేదు. ఖాళీ గ్లాసును పక్కకు జరిపిండు.

"గాలి లేదు చెల్లె," అన్నడు. "పులి లేదు. గొలుసు ఊడింది, అది నిజం. ఎక్కిద్దామని కంకర కుప్ప మీద కూసున్న. పొద్దంత మగ్గం నేసిన కాళ్ళు, మూడు డబ్బలు మోసిన కాళ్ళు. కన్ను మూతవడ్డది. తెరిచేసరికి తెల్లారింది."

తెల్లారినంక దుబ్బగూడెం ఉరికిండట, డేర లేదు. ఎనుకకు రామన్నపేట ఉరికిండట, పెట్టె లారీల ఎక్కిపోయింది. మాపటికి రామన్నపేట సేటు మనిషి వచ్చి ఆఖరి డబ్బ ఏదిరా అని అడిగిండట. భయానికి దుబ్బగూడెంల ఇచ్చిన అన్నడట. ఎవ్వలికిచ్చినవ్ అంటె ఎవ్వలో చెప్పిండట, జనం ఏమన్నరు అంటె భుజాల మీద ఎత్తుకున్నరు అన్నడట. "అదే నా మొదటి కోత చెల్లె," అన్నడు. "దాన్ని నిలవెట్టనీకి మిగతయ్యన్ని కోసిన."

హరిత అప్పటిదాక గోడకు ఒరిగి ఉన్నది. ఇప్పుడు ముందుకు వచ్చి ఆయన ముందట కూసున్నది. దొరకని పదమూడో రీలు ఎందుకు దొరకలేదో ఆ పిల్లకు తెలిసిపోయింది. ప్రేమ్‌సాగర్ సారుకు గూడ తెలిసింది, అద్దాలు పెట్టుకోని నోరు తెరుచుకోని చూస్తాండు.

తాతా, ఆ డబ్బ ఏం జేసిన్రు అని అడిగింది హరిత.

పారేయ బుద్ధి గాలేదు, ఇయ్య ధైర్యం సాలలేదు అన్నడు. ఇంట్లనే ఉన్నదట. సినిమా నడుమ నడుమ ముక్కలే చూసిండు గని కొస ఆయన గూడ చూడలేదు, మూడో డబ్బ ఇచ్చి తిరిగి వచ్చేసరికి రామన్నపేట తెర మీద శుభం పడ్డది. అందుకని ఇంట్ల ఎవ్వలూ లేనప్పుడు, కండెలు చుట్టే రాట్నం మీదికి ఆ రీలును ఎక్కించి, కిటికీల ఎండకు పట్టి, ఒక్కొక్క బొమ్మనే చూసుకుంట పోయిండట. మాటలు లేవు, పాట లేదు, ఉత్త బొమ్మలే. ఆ తర్వాత నుంచి ఏడాదికోసారి మగ్గం పూజ నాడు రాట్నం మీద తిప్పి, గాలి తాకిచ్చి, మల్ల చుట్టి పెడుతడట. నూలును పెట్టెల ఊకె ఉంచితె ముక్కిపోతది గదా, ఇది గూడ అంతే అనుకున్న అన్నడు. హరిత ఆ మాట ఇని నెత్తి మీద చేతులు వెట్టుకున్నది. గట్ల తిప్పవట్టే అది ఇన్నేండ్లు అతుక్కపోకుంట ఉన్నది తాతా అన్నది.

సావిత్రమ్మకు అవేవీ ఇనవడలేదు. ఆమె ఒక్కటే అడిగింది.

"ఎట్ల గుర్తు వట్టిండన్నా?"

వెంకటనర్సు ఈసారి చేతులు తిప్పలేదు, గొంతు పెంచలేదు. "గాజు మీద నడిచి నడిచి ఆయన పాదాలు తెగి నెత్తురు గారుతాంటయ్ చెల్లె. ఆరుగురు ఆయన మొకం చూసి నవ్వుతాంటరు. ఒక్కతె పాదాలు చూస్తాంటది. ఆమె చెయ్యి వట్టుకున్నడు."

ఉంగరం గాదు, పుట్టుమచ్చ గాదు, పేరు గాదు. సావిత్రమ్మకు తను చెప్పిన దొంగ కొసలు అన్నీ యాదికి వచ్చినయ్, ఒక్కటి గూడ దీని దగ్గరికి రాదు అనుకున్నది. నమ్మాలని ఆమెకు పానమంత కొట్టుకుంటాంది. గని చెప్పింది పులి చేత డబ్బ పట్టించిన మనిషాయె.

"చూపియ్యి," అన్నది.

ఆయన ఇల్లు హోటల్ ఎనుక గల్లీలనే. లేచి పోయిండు. వస్తడా అని లింగయ్య, వస్తడు అని సారు, ఇద్దరు చిన్నగ కొట్లాడుకున్నరు. సావిత్రమ్మ గల్లీ దిక్కే చూసుకుంట కూసున్నది. పదమూడేండ్లప్పుడు డేర వాకిలి దిక్కు గట్లనే చూసింది.

వెంకటనర్సు వచ్చిండు. పాత చీర ముక్కల చుట్టిన రేకు డబ్బ రెండు చేతులతోటి పట్టుకోని, నడుచుకుంట వచ్చి, సావిత్రమ్మ ముందట బల్ల మీద పెట్టిండు. మూత తీస్తె పుల్ల వాసన కొట్టింది. హరిత చేతికి రుమాలు చుట్టుకోని, కొస మెల్లగ గుంజి ఎండకు పట్టింది. అవ్వా, చూడు అన్నది.

సావిత్రమ్మ అద్దాలు పైకి నూకి కన్ను దగ్గర వెట్టింది. ముందుగాల్ల ఏం గనవడలేదు. ఇంకింత గుంజమన్నది. మూరెడు, రెండు మూరలు, హోటల్ల ఉన్నోళ్ళంత దగ్గరికి వచ్చిన్రు. అప్పుడు గనవడ్డరు, గోరంత గోరంత రాకుమార్లు, వరుసగ ఏడుగురు. ఆరు మొకాలు ఎత్తి ఉన్నయ్. నాలుగోది వంగి ఉన్నది.

ఆమె చాలాసేపు చూసింది. చూసి చూసి, పదమూడేండ్ల పిల్ల లెక్క నవ్వింది. ఇంత సంబురం ఎప్పుడైంది తనకు అనుకున్నది, యాదికి రాలేదు. హరిత రీలు పట్టుకోని ఏడుస్తాంది, నవ్వుతాంది. సారు అందరికీ ఫోన్లు జేసుడు మొదలువెట్టిండు. తాతా, స్టేజి మీద కుర్చీ మీదే, గని గిదంత గిట్లనే చెప్పాలె అన్నది హరిత. వెంకటనర్సు తలకాయ ఊపిండు, ఇంక సావిత్రమ్మ దిక్కు చూడలేక నిలవడ్డడు.

సావిత్రమ్మే ఆయన దిక్కు మర్లింది.

"నిజమే చెప్పినవన్నా," అన్నది. "గని మూడు మైళ్ళు మూడు నిమిషాలని ఇంకెప్పుడు అనకు. మూడు మైళ్ళు తొక్కనీకి నీకు యాభై రెండేండ్లు వట్టింది."

హోటలంత గొల్లుమన్నది. వెంకటనర్సు గూడ నవ్విండు, అంగి చేతితోటి కండ్లు తుడుసుకున్నడు.

"ఎదురుగాలి చెల్లె," అన్నడు.